ఎఫెక్ట్ దయానందం

పుంగనూరు విలేకరి దయానందానికి ఉన్నది ఒక్కటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ మంచి జరిగినా అది తన వార్త ఎఫెక్టే అంటాడు.

పత్రికల్లో ఆ మాట పాతదే. వీధిదీపం వెలగడం లేదని రాస్తారు. అది వెలిగిన మర్నాడు పైన 'ఎఫెక్ట్' అని ముద్ర కొట్టి, అధికారి ఫొటోతో చిన్న వార్త వేసి మీసం దువ్వుకుంటారు. దయానందం అంతటితో ఆగే రకం కాదు. ఎండలు మండిపోతున్నాయని రాస్తాడు, ఎప్పుడో వాన పడితే ఎఫెక్ట్. కుప్పంలో రైలు సరైన సమయానికి వస్తే, "రాద్దామనుకుంటాండాను సార్, వాళ్లకు తెలిసిపోయింది. ముందస్తు ఎఫెక్ట్!" పుంగనూరు కుక్కల మీద రాస్తే అవి గంగవరం పోయాయట. అక్కడి విలేకరి రాస్తే తిరిగి వచ్చేశాయట. అది రివర్స్ ఎఫెక్ట్. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం తొందరగా ముగించారు. "ముందు వరసలో కూసోని పెన్ను మూత తీసినా సార్, అంతే!"

ఇవన్నీ ఫోన్లో వినాల్సిన ఖర్మ మదనపల్లె డెస్క్ ఇన్‌ఛార్జి శరత్ బాబుది.

పుంగనూరులో సంతకు పోయే దారిలో పశువులకు కొత్తగా నీళ్ల తొట్టి కట్టారు. కొలత జెర్సీ ఆవుది. పుంగనూరు ఆవేమో మనిషి నడుం దాటదు. ఆ వీధి ముసలామె గౌరమ్మ ఆవు ఎంత మెడ సాచినా అంచు నాకడమే గాని నీళ్లందవు. కీళ్లనొప్పులతో గౌరమ్మే బిందెతో తోడి పోసేది. దయానందం వార్త రాశాడు. వారం తిరక్కుండా ఎఫెక్ట్ వచ్చింది: తొట్టి పక్కన రాతి మెట్టు వేయించిన ఇంజనీరు దామోదర్, ఫొటోతో సహా.

మర్నాడే డెస్కుకు దామోదర్ ఫోను. "సార్, ఆ మెట్టు నేను వేయించలేదు! ఊరోళ్లు శాలువా కప్పినారు. పైనోళ్లేమో ఏ పథకం కింద వేసినావని అడుగుతాండారు. రేపు పగలగొట్టిస్తా!"

శరత్ బాబుకు ఒళ్లు మండింది. దొంగ ఎఫెక్టా! ప్రెస్ కార్డు లాక్కుని రావాలని పొద్దున్నే పుంగనూరు బయల్దేరాడు.

దయానందం ఇంటి గడప మోకాలెత్తున ఉంది. కింద మెట్టు లేదు.

"ఎగిరి రాండి సార్," అంది దయానందం భార్య రూతు. "మెట్టు పోయింది."

"యాడికి పోయింది?"

"ఏమో సార్. మీ పేపర్లో రాయండి, ఎఫెక్ట్ వస్తాదేమో. కూసోమందామంటే బల్ల కూడా పోయింది."

"మనిషి?"

"ఆయనింకా పోలేదు. తొట్టి కాడ ఉండాడు."

తొట్టి దగ్గర సమ్మెటలతో ఇద్దరు కూలీలు, దామోదర్. చుట్టూ గౌరమ్మ, ఊరి జనం. మెట్టు మీద ఆవు నీళ్లు తాగుతోంది. దాని పక్కనే దయానందం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దిగప్పా!" అన్నాడు దామోదర్.

"దిగను."

"ఇది వేసిందెవరో చెప్పు!"

"పేపర్లో పడినాయనే వేసినాడు."

"నేను వేయలేదంటాంటే!"

"అట్లయితే అదే రాస్తా. ఆవుకు నీళ్లందకుండా చేసిన ఇంజనీరు. ఫొటో మీదే, పాతదుండాది."

గౌరమ్మ అందుకుంది. "శాలువా కప్పేటప్పుడు ఈ మాట యాల చెప్పలేదు సామీ?"

శరత్ బాబు ముందుకొచ్చాడు. "దయానందం, కార్డు ఇయ్యి. రాసింది అబద్ధం."

దయానందం జేబులోంచి కార్డు తీసి ఇచ్చేశాడు. "తీసుకోండి సార్. ఆవు కడుపు నిండినాక దిగుతా."

అప్పుడే ఆవు కాలు జరిపింది. గిట్ట కింద తెల్ల రంగుతో వేసిన నక్షత్రం. ప్రతి క్రిస్మస్‌కూ దయానందం ఇంటికి కేకు తినడానికి వెళ్తూ శరత్ బాబు తొక్కిన నక్షత్రమే అది. పోయిన నెల 'ఎఫెక్ట్'గా ఆసుపత్రి బస్టాపులో వెలసిన బల్ల ఎక్కడిదో కూడా ఆయనకు చప్పున వెలిగింది.

"నీ ఇంటి మెట్టుకు ఇంకొకరి పేరు యాల వేసినావయ్యా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నా పేరేస్తే ఈ మెట్టుతో సరి సార్. ఆయన పేరేస్తే శాలువా రుచి తగిలి రేపు ఇంకొకటి ఆయనే వేయిస్తాడు."

శరత్ బాబు కార్డు మళ్లీ దయానందం జేబులో పెట్టాడు. దామోదర్ వైపు తిరిగి, "పైనోళ్లకు దాత ఇచ్చిన రాయి అని చెప్పండి. చొరవ మీదే. నేనూ అట్లే రాస్తా," అన్నాడు.

దామోదర్ ఆవును చూశాడు, గుమిగూడిన జనాన్ని చూశాడు. "సమ్మెటలు బండిలో పెట్టండప్పా," అన్నాడు. కాలరు సర్దుకుని, "ఫొటో ఈసారి ఎడం పక్క నుంచి తీయండి సార్."

తర్వాతి వారం పేపర్లో ఒక మూల 'పుంగనూరులో మెట్టు లేని ఇల్లు' అని చిన్న వార్త పడింది. కొద్దిరోజులకే ఎఫెక్ట్. ఆ సాయంత్రం శరత్ బాబుకు ఫోన్ వచ్చింది.

"మా ఇంటికి మెట్టు వచ్చింది సార్! ఏ అధికారి వేసినాడు?"

"పేపర్లో పడినాయనే."

"మెట్టుకు సబ్బు వాసన ఉండాది సార్. ఆ అధికారి ఇంట్లో ఇప్పుడు బట్టలు యాడ ఉతుకుతాండారో అని రూతు దిగులు పడతాండాది."

శరత్ బాబు ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. బకెట్టు నిండా తడిబట్టలతో భార్య నిలబడి ఉంది.