డాక్టరమ్మ కుడిచెయ్యి

మా ఊరి డాక్టరమ్మ విల్మా హార్ట్‌సాక్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. ఆమె దగ్గర ముందు గదిలో కూర్చుని, ఫోన్లు ఎత్తి, వచ్చినవాళ్లని సముదాయిస్తూ నా జుట్టు నెరిసింది కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. బురద బూట్లతో లోపలికొచ్చిన రైతుని, నడుం పట్టేసి వంగలేకపోతున్నా సరే, ముందు గుమ్మం బయటికి పంపేది. "ఇది నీ పశువుల కొట్టం కాదు, విప్పి రా" అనేది. వైద్యం అయ్యాక ఆ బూట్లు తిరిగి తొడిగేది మాత్రం తనే, నేలమీద మోకాళ్లూని.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు ఉత్తర భాగంలో, మొక్కజొన్న చేల మధ్య ఉంటుంది మా ఊరు పైక్ ఫోర్డ్. మాకు డాక్టరంటే ఆస్టియోపతి డాక్టరే. సూదిమందూ ఇస్తారు, పురుడూ పోస్తారు, కుట్లూ వేస్తారు. వాటికి తోడు మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, వెన్ను వెంట వేళ్లు పోనిచ్చి, ఎక్కడ బిగిసిందో చేతులతోనే కనిపెట్టి చేతులతోనే సడలిస్తారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు "ఎముకలు విరిచే వైద్యమా?" అని నవ్వుతారు. నడుం పట్టేసిన రోజున వాళ్లే మా ముందు గదిలో గోడ పట్టుకుని నిలబడతారు. నేను వాళ్లని కావాలనే కాసేపు నిలబెడతాను.

విల్మా భర్త లైల్ కూడా అదే వైద్యుడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకే గుమ్మానికి రెండు పేర్లు రాయించుకున్నారు. ఈమె కసిరిన రోగిని ఆయన నవ్వించి పంపేవాడు. శనివారం మధ్యాహ్నం ఆఖరి రోగి వెళ్లగానే నేను తలుపు గడియ పెట్టేదాన్ని. లోపల ఆలుమగలు వంతులవారీగా బల్ల ఎక్కేవారు. ఆయన మెడ ఈమె చూసేది, ఈమె భుజాలు ఆయన చూసేవాడు. వారమంతా ఊరి నొప్పులతో పెనుగులాడిన ఒళ్లు కదా, దాన్ని కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి. లోపలి నుంచి విల్మా అరుపు, లైల్ నవ్వు వింటూ నేను గది ఊడ్చుకునేదాన్ని.

ఒక మార్చి పొద్దున లైల్ ముందు గదిలో, నా కళ్లెదుటే గుండె ఆగి పడిపోయాడు. దాని గురించి ఇంతకన్నా రాయడం నా వల్ల కాదు.

ఆ తర్వాత ఒక పొరపాటు జరిగింది. మా జిల్లా ఆస్టియోపతి డాక్టర్లకి ఒక సంఘం ఉంది. దంపతులిద్దరూ సభ్యులే. సమావేశాల్లో కబుర్లన్నీ లైల్‌వి, వెనక వరసలో కూర్చుని కొత్త మందుల గురించి వినేది విల్మా. లైల్ పోయాక సంఘం వాళ్లు డాక్టర్ హార్ట్‌సాక్ అని కనిపించిన రెండు పేర్లూ కొట్టేశారు. పైగా డాక్టర్ల భార్యల సమాజం తరఫున ఆమెకో పరామర్శ కార్డు పంపారు. అందులోనే వసంతకాలపు టోపీల ప్రదర్శనకి పిలుపు కూడాను.

"చూశావా ఓపల్, వాళ్ల దృష్టిలో లైల్‌తో పాటు నేనూ పోయాను" అంది విల్మా. ఆ కార్డు పొయ్యిలో పడేసి, మళ్లీ ఆ సంఘం ఊసు ఎత్తనివ్వలేదు.

ఏళ్లు గడిచాయి. ఒంటి చేత్తో ఊరిని నెట్టుకొచ్చింది అంటారే, ఆమె విషయంలో అది నిజంగానే జరిగింది. ఒక వేసవిలో ఆమె తన పొడుగాటి జుట్టు కురచగా కత్తిరించుకుని వచ్చింది. "ఈ వయసులో సోకులేమిటో" అని ఊళ్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నాకు మాత్రం అర్థమైంది. కుడిచెయ్యి తలదాకా లేవక ముడి వేసుకోలేకపోతోంది. ఫోను ఎడమచేత్తో ఎత్తుతోంది. మనుషుల్ని బల్ల మీద తిప్పేటప్పుడు పెదవి కొరుక్కుంటోంది.

ఆగస్టులో ఒక పసిగుడ్డుని తూనిక పళ్లెంలోంచి ఎత్తబోయి ఎత్తలేకపోయింది. తల్లి చూడకుండా నన్ను పిలిచి ఎత్తించింది. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"మొక్కజొన్న కోతలయ్యాక తలుపు మూసేస్తున్నాను."

"మరి ఊళ్లోవాళ్లు ఎక్కడికి పోవాలి డాక్టరమ్మా?"

"నది దాటితే ఆసుపత్రి ఉంది."

"నది దాటేలోపు కాన్పులు కార్లలో అయిపోతాయి."

"కార్లు కడుక్కుంటారు" అంది. అందే గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ భుజం ఎవరికైనా చూపించారా?"

"నేను డాక్టర్ని. నాకు నేను చూసుకోలేనా?"

"చూసుకోలేరు. మీ వీపు మీకు అందదు. సంఘంలో అంతమంది ఉన్నారు..."

"ఆ పేరెత్తకు! వాళ్ల లెక్కలో నేను టోపీలు చూసుకుంటూ కూర్చోవాల్సిన ముసలమ్మని."

నాకూ ఒళ్లు మండింది. "అయితే వెళ్లి ఆ మాట వాళ్ల మొహం మీదే అనండి. ఇక్కడ నా మీద అరిస్తే ఏం లాభం?"

బతిమాలితే అంగుళం కదలని మనిషి, పోట్లాట అనేసరికి కోటు తొడుక్కుంది.

గురువారం మధ్యాహ్నాలు ఈ చుట్టుపక్కల డాక్టర్లెవరూ రోగుల్ని చూడరు. సంఘం వాళ్లు ఆ పూట పక్క ఊరి మెథడిస్టు చర్చి కింద ఉన్న హాల్లో కలుస్తారు. కారు నేనే నడిపాను. దారంతా ఆమె ఏం తిట్టాలో పెదవులు కదుపుతూ అనుకుంటూనే ఉంది. మేం వెళ్లేసరికి బంగాళాదుంప ముద్ద మీద కోడిమాంసం, నూడుల్సూ వడ్డిస్తున్నారు. సంఘం అధ్యక్షుడు ఎల్డన్ ప్రూయిట్ దున్నపోతులాంటి మనిషి. గరిటె పట్టుకుని ఉన్నాడు.

"నేనింకా బతికే ఉన్నానని చెప్పిపోదామని వచ్చాను" అంది విల్మా, హాలంతా వినపడేలా.

ఎల్డన్ గరిటె కింద పెట్టాడు. "నీ పేరు కొట్టింది నేనే విల్మా. లైల్ని పాతిపెట్టి వచ్చిన రోజు. కన్నీళ్లకి కళ్లు కనపడక రెండు పేర్ల మీదా గీసేశాను. తెలిశాక నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. తిట్టు, పడతాను."

విల్మా పళ్లెం అందుకుని, "తిన్నాక తిడతాను" అంది.

భోజనాల దగ్గర ఒక కుర్ర డాక్టరు రక్తపోటు మందుల గురించి చెప్పాడు. విల్మా వద్దనుకుంటూనే అడ్డుపడి ప్రశ్న వేసింది. అతను తడబడ్డాడు. ఇంకెవరో జవాబు చెప్పారు. ఇంత చర్చ ఆమె నోట విని ఎన్నాళ్లయిందో.

చివర్లో గూస్‌బెర్రీ పళ్లు కూరిన తీపి రొట్టె తినడం అయ్యాక వాళ్ల ఆనవాయితీ మొదలైంది. పళ్లేలు తీసేసి, భోజనాల బల్లలు తుడిచి, చర్చి బీరువాలోంచి బొంతలు తెచ్చి వాటిమీద పరిచారు. పెద్దపెద్ద డాక్టర్లు టైలు విప్పి, బూట్లు విడిచి, ఇందాక అన్నం తిన్న బల్లల మీదే పడుకున్నారు. ఒకరి నడుం ఒకరు, ఒకరి మెడ ఒకరు సరిచేసుకోవడం, మూలగడం, హాస్యాలాడటం. ఎల్డన్ ఒక బల్ల మీద చెయ్యి తట్టాడు.

"ఎక్కు విల్మా."

"నాకేం అక్కర్లేదు."

"కోటు ఎడమచేత్తో విప్పావు. నేనేం గుడ్డివాణ్ని కాదు."

ఎక్కి పడుకుంది. ఆయన ఆమె కుడిచేతిని కింద నుంచి పట్టుకుని కొద్దిగా లేపి, "బరువు నాకిచ్చెయ్" అన్నాడు.

"ఇచ్చాను."

ఎల్డన్ తన చేతులు మెల్లిగా పక్కకి తీశాడు. ఆమె చెయ్యి కింద పడలేదు. గాలిలో అలాగే నిలబడింది.

హాలంతా గొల్లున నవ్వింది. రోజూ వాళ్లందరి రోగులూ చేసే పనే అది. చెయ్యి వదిలేశాం అనుకుంటూ మొత్తం తామే మోస్తుంటారు. ఆ తప్పు చేసిన రోగుల్ని విల్మా ఎన్ని తిట్లు తిట్టేదో నేను గోడవతల నుంచి విన్నాను. ఇప్పుడు తన చెయ్యే గాల్లో ఉంది. ఎవరిదో అన్నట్టు దాన్ని చూసింది.

"ఎల్డన్, ఎలా ఇవ్వాలో నాకు తెలియడం లేదు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"నిన్ను ఆఖరిసారి చూసిందెవరు?"

"లైల్. శనివారం."

మొన్న శనివారం జరిగినట్టే చెప్పింది. ఎల్డన్ కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు చేతులూ మళ్లీ ఆమె చేతికింద పెట్టాడు. "ఈ పూటంతా నాకు వేరే పనిలేదు" అన్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. గుడ్డ తీసుకుని, అప్పటికే ఆరిపోయిన పళ్లేలు తుడుస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి విల్మా వెక్కి వెక్కి ఏడవడం వినిపించి తిరిగి చూస్తే, ఆ చెయ్యి ఆయన అరచేతుల్లో, నిద్రపోయిన పసిపిల్లలా బరువుగా పడి ఉంది. నేనూ ఏడ్చాను. దాచుకోవడమెందుకు?

"చలికాలమంతా పడుతుంది ఇది" అన్నాడు ఎల్డన్ ఆమె లేచి కూర్చున్నాక. "అందాకా నువ్వు ఎవర్నీ ఎత్తకూడదు, తిప్పకూడదు."

"అయితే మూసెయ్యాల్సిందే కదా."

"ఎందుకు మూయడం? సోమవారాలు నేనొస్తాను." హాలువైపు తిరిగి కేకేశాడు. "బుధవారం ఎవరయ్యా? శుక్రవారం?"

బల్లల మీద బోర్లా పడుకున్నవాళ్లలోంచే చేతులు లేచాయి.

"నా ఊరి గోల మీకెందుకు?" అంది విల్మా.

"నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు నా రోగుల్ని నెలరోజులు చూసిందెవరు? లైల్ కాదూ? సంఘమంటే ఏమనుకున్నావ్, టోపీలా?"

సోమవారం మొదటి మనిషి డెల్మర్ ఓట్స్. పందులు పెంచుతాడు, మెడ పట్టేసింది. కొత్త డాక్టరు పేరు వినగానే వెనక్కి తిరిగి పోబోయాడు. నేనే గుమ్మానికి అడ్డం నిలబడి లోపలికి తోశాను. తలుపు సగం తెరిచే ఉంది. డెల్మర్ బల్ల మీద పడుకున్నాడు, ఎల్డన్ అతని తల పట్టుకున్నాడు, చెయ్యి మెడకి కట్టుకున్న విల్మా మూలన స్టూలు మీద కూర్చుంది. డెల్మర్ మెడ కర్రలా బిగబట్టి, కళ్లు మాత్రం ఆమె వైపు తిప్పాడు.

"డాక్టరమ్మా, ఈయన చేతుల్లో తల పెట్టొచ్చంటావా?"

కసురుతుందనుకున్నాను. విల్మా స్టూలు మీంచి లేచి, ఎడమ అరచెయ్యి అతని నుదుటి మీద ఆనించింది.

"బరువు ఆయనకిచ్చెయ్ డెల్మర్. ఏం కాదు. నేను ఇచ్చి చూశాను."