ఆండాళమ్మ ఆపిన డబ్బు

పదిహేనేళ్ళు దాటింది, మా ఇంట్లో ఒక ముసలావిడని మోసగత్తె అంటున్నారు. మా ఆయన అంటాడు, ఆయన్ని చూసి మా అమ్మాయీ అంటుంది. ఎవరు మాట తప్పినా, ఎవరు డబ్బు ఎగ్గొట్టినా, మా ఇంట్లో ఆవిడ పేరే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నేను వంటగదిలోకి వెళ్ళి ఏదో ఒక గిన్నె కడుగుతాను. ఆవిడ చేసిందంటున్న మోసం చేసింది నేను. ఇన్నేళ్ళూ లోపలే పెట్టుకుని మోశాను, ఇక మొయ్యబుద్ధి కావడం లేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియనివ్వను. అందుకే మీకు చెప్పడం సులువు.

ముందే ఒక మాట. క్షమించమని అడగడానికి రాయడం లేదు. చేసినదాంట్లో సగానికి నాకు సిగ్గు లేదు. మిగతా సగానికి ఉంది. మీరు రెండిటికీ కలిపి తిట్టినా నేను పట్టించుకోను.

అప్పుడు మేం కోడంబాక్కంలో ఆండాళమ్మ ఇంట్లో, మేడమీద పోర్షన్‌లో ఉండేవాళ్ళం. భోగ్యానికి. అంటే నెలనెలా అద్దె ఉండదు. చేరేటప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం ఓనరు చేతిలో పెట్టాలి, ఖాళీ చేసేటప్పుడు అదంతా తిరిగి ఇచ్చేస్తారు. అదైనా ఓనరు పెట్టెలోంచి తీసి ఇచ్చేది కాదు, తర్వాత చేరేవాళ్ళు తెచ్చే సొమ్ములోంచి ఇస్తారు. చెన్నైలో మాలాంటి వాళ్ళు చాలామంది ఇలాగే బతుకుతారు. ఆయన దాచుకున్నదీ, నా పెళ్ళినాటి బంగారం అమ్మగా వచ్చిందీ, అంతా ఆ భోగ్యంలోనే ఉండేది.

నేను టీవీ సీరియళ్ళకి హెయిర్ డ్రెసర్ని. జడలు వెయ్యడం, సవరాలు పెట్టడం, ఏడుపు సీనుకి ముందు జుట్టు కాస్త చెదరగొట్టడం. నవ్వకండి, అదీ పనే. ఈ పనికి సంఘం కార్డు కావాలి. కార్డు లేనివాళ్ళని సెట్టు గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ కార్డు కోసం, కార్డున్న ఒకావిడ పక్కన దువ్వెనలు అందిస్తూ ఏళ్ళ తరబడి నిలబడ్డాను. అది చెల్లేది ఈ ఊళ్ళోనే. వేరే ఊరు వెళ్తే అక్కడి సంఘంలో మళ్ళీ మొదటికే, దువ్వెనలు అందించే చోటికే.

మా ఆయనది ఒంగోలు వైపు. ఇళ్ళకి లోపల చెక్కపని చేయించే కంపెనీలో సూపర్‌వైజరు. ఆ ఏడు ఆయనకి హైదరాబాదులో ఇంకో కంపెనీ నుంచి మంచి ఉద్యోగం వచ్చింది. కబురు తెలిసిన సాయంత్రమే ప్లాను మొదలుపెట్టాడు. మంచి ప్లానే, అబద్ధం ఎందుకు. లారీకెంత, ఎత్తి దించే మనుషులకెంత, దారిలో టోలు ఎంత, అక్కడ ఇంటికి అడ్వాన్సు ఎంత, తమిళంలో చదివిన పిల్లకి తెలుగు ట్యూషన్ ఎన్నాళ్ళు. ఫ్రిజ్ మోసుకెళ్ళడమా, ఇక్కడ అమ్మేసి అక్కడ కొనడమా అని తెగ ఆలోచించాడు. గ్రైండరు బరువని లారీవాడు వేరే డబ్బు అడిగితే, దాని మీద ఒక పూటంతా ఫోన్లో బేరం. బీరువాకి కూడా ఆ ప్లానులో చోటుంది. నా వంతుకి మాత్రం ఒక రైలు టిక్కెట్టు. నా సంపాదన ఆగిపోతుందన్న ఊసే లేదు. నేనే కార్డు సంగతి ఎత్తితే నవ్వి, "నీ కార్డుకేముందే, సూట్‌కేసులో పెట్టుకో" అన్నాడు.

వెటకారం కాదది. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. మంచి మనిషి. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి నా చేతికే ఇస్తాడు. అందుకే ఇంకా మండింది. చెడ్డవాడైతే గట్టిగా పోట్లాడేదాన్ని. మరి నేను రానని ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. చెబితే ఏమయ్యేది? మా అమ్మ వచ్చేది, మా ఆయన వాళ్ళన్నయ్య వచ్చేవాడు, అందరూ చాప పరుచుకుని కూర్చుని, మొగుడు పైకొస్తుంటే అడ్డం పడతావా అని నాకు బుద్ధులు చెప్పేవాళ్ళు, చివరికి నేనే తలూపేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. నలుగురిలో నాకు నోరు పెగలదు. చాటుగా అయితే బాగా పెగులుతుంది.

ప్లానంతా ఒక్కదాని మీద ఆధారపడి ఉంది, ఆడి నెల, అంటే మన ఆషాఢం లాంటిది. ఆడిలో ఇక్కడ ఎవరూ ఇల్లు మారరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు. తమిళులైనా అంతే, మా పుట్టింటివాళ్ళలా తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళైనా అంతే. కాబట్టి ఆడి రాకముందే భోగ్యం డబ్బు తీసుకుని బయల్దేరాలని ఆయన రోజు కూడా ఖాయం చేసుకున్నాడు. ఆండాళమ్మ సరేనంది. మా తర్వాత చేరడానికి ఒక కుటుంబం రొక్కంతో సిద్ధంగా ఉంది కూడా. ఆ డబ్బు ఆడి దాటేదాకా ఆగిపోతే? కొత్త కంపెనీ అన్నాళ్ళు ఆగదు. ఆ డబ్బు లేకుండా అక్కడ ఇల్లు దొరకదు, మమ్మల్ని ఇక్కడ వదిలి ఒక్కడే వెళ్ళే మనిషి కాదు ఆయన. ఈ ఆలోచన వచ్చినప్పుడు నాకు భయం వెయ్యలేదు. హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి నేను ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక మధ్యాహ్నం కిందికి దిగాను. ఆండాళమ్మ గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తోంది. నేను ఆవిడని అవ్వా అని పిలిచేదాన్ని. వయసులో ఉన్నప్పుడే ఆవిడ మొగుడు ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని ఇంకొకామెతో వెళ్ళిపోయాడని వీధి వీధంతా తెలుసు. నాకూ తెలుసు. ఇది మీరు మరిచిపోకండి. తెలిసే వెళ్ళాను.

"ఏమ్మే, మొగం అట్లుండాది?" అంది.

"అవ్వా, ఆయనకి ఇప్పుడు డబ్బు ఇయ్యబాక."

"ఎందుకూ? పార్టీ రెడీగా ఉండారు గదా, శుక్రవారం ఇస్తామన్నారే."

"ఆడ హైదరాబాదులో ఇంకొకామె ఉండాది అవ్వా. డబ్బు చేతికొస్తే మమ్మల్ని ఈడే ఒదిలేసి పోతాడు."

ఆకు దూసే చెయ్యి ఆగింది. "కండిప్పా, గట్టిగా తెలుసునా నీకు?"

"తెలుసు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను ఏడవలేదు. ఏడిస్తే నాటకంలా ఉంటుందేమోనని ఆపుకున్నాను. రోజూ ఏడుపు సీన్లు చూసే పని నాది, ఎంతలో ఆపాలో తెలుసు.

"సరి, ఆ పార్టీని పొమ్మంటా. ఆడి పోయినాక ఆవణిలో ఇస్తానని మీ ఆయనకి చెప్తాలే. నువ్వు నోరెత్తబాక."

"ఆయన తిడతాడు అవ్వా."

"తిట్టనీలేమ్మా. నన్ను తిట్టని మొగోళ్ళు ఎవురుండారు?"

అంతే. ఇద్దరు మనుషుల పేర్లు చెడగొట్టడానికి నాకు పట్టిన మాటలు ఇవే. మా ఆయన ఏ ఆడదాని వంకా కన్నెత్తి చూసిన మనిషి కాదు. అది నేను అక్కడికక్కడ పుట్టించిన అబద్ధం. ఆవిడకి ఎక్కడ పాతగాయం ఉందో చూసుకుని, సరిగ్గా అక్కడే నొక్కాను.

ఆయన డబ్బు అడగడానికి వెళ్ళిన రోజు నేను మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఆవణి అంది. ఆయన మొదట బతిమాలాడు, తర్వాత అరిచాడు. మాటిచ్చి గొంతు కోస్తావా అన్నాడు, మోసగత్తెవి అన్నాడు. ఇళ్ళల్లోంచి అందరూ బయటికొచ్చి చూశారు. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం తలెత్తి పైకి, నా వైపు చూసింది. నేను ఏడుస్తున్నానేమో అని చూసింది.

కంపెనీవాళ్ళు ఆయన కోసం ఆగలేదు, ఇంకొకరిని తీసుకున్నారు. ఆవణి రాగానే ఆయన పంతం పట్టి డబ్బు మొత్తం ఇమ్మన్నాడు. సిద్ధంగా ఉన్న కుటుంబాన్ని నా కోసమే పొమ్మంది కదా, ఆవిడ చేతిలో ఏముంటుంది? వ్యాసర్పాడిలో ఉన్న తమ్ముడి దగ్గర అప్పు చేసి, చేతి గాజులు కుదువపెట్టి, అన్నమాట ప్రకారం ఇచ్చేసింది. బోసి చేతులతోనే ఇచ్చింది, నేను పక్కనే నిలబడి చూశాను. మేం రెండు వీధుల అవతల ఇల్లు చూసుకున్నాం. ఆ తర్వాత ఆ పోర్షన్ చూడ్డానికి ఎవరొచ్చినా టీకొట్టు దగ్గర ఆపి, ఆ ముసలామెని నమ్మకండి అని మా ఆయన చెప్పేవాడు. మేడ చాలాకాలం ఖాళీగానే పడి ఉంది. నోరు విప్పి ఉంటే ఆగేది. నేను విప్పలేదు.

ఇప్పుడు నా వాదన కూడా వినండి. నేను ఇక్కడే ఉండిపోయాను కాబట్టి నా పని నిలిచింది. దువ్వెనలు అందించే పిల్ల కాస్తా పెద్ద ఆర్టిస్టులు పేరు పెట్టి అడిగే మనిషైంది. ఆయన కంపెనీ మూతబడి ఇంట్లో కూర్చున్న ఏడాది ఇల్లు నడిపింది నా కార్డే, అమ్మాయి ఇంజినీరింగు ఫీజు కట్టిందీ నా కార్డే. ఆ రోజు మళ్ళీ వస్తే ఆ ప్రయాణం మళ్ళీ ఆపుతాను. ఈసారి ఆయన ఎదురుగా నిలబడి, రాను అని చెప్పి ఆపుతాను, వినకపోతే పోట్లాడతాను. అప్పుడూ వినకపోతే? తెలీదు. మళ్ళీ మునగాకు దూసే ఆవిడ దగ్గరికే వెళ్తానేమో. నేను మంచిదాన్నని మీకు చెప్పలేదు.

కిందటి నెల వడపళని మార్కెట్లో ఆండాళమ్మ కనబడింది. నడుం వంగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఇప్పుడన్నా ఆయన బుద్ధిగా ఉండాడా?" అని అడిగింది. ఇన్నేళ్ళ తర్వాత, అన్ని తిట్లు తిన్నాక, ఆవిడ మొదట అడిగింది అది. ఉండాడు అవ్వా అన్నాను. ఆనాడు చెప్పింది అబద్ధం అని చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు, అయినా చెప్పలేదు. పైగా ఆవిడ సంతోషపడింది.

ఇంటికొస్తే ఇంట్లో ప్లాను నడుస్తోంది. మా అమ్మాయికి పూణెలో ఉద్యోగం వచ్చింది. ఆ హైదరాబాదు తర్వాత మా ఆయన దేనికీ ప్లాను వెయ్యలేదు, ఆ హుషారే పోయింది మనిషికి. ఇప్పుడు మళ్ళీ కూర్చున్నాడు. హాస్టలా, ఫ్లాటా, బండి రైల్లో వేసి పంపడమా, అక్కడ కొనడమా. అన్నీ పక్కన పెట్టి ముందు, "నీకు వెళ్ళాలని ఉందామ్మా?" అని అడిగాడు. కూతుర్ని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క ముక్క ఆనాడు నన్ను అడిగి ఉంటే ఇదంతా ఎందుకు? కానీ నేను మాత్రం చెప్పానా, నన్ను అడగవేం అని?

ఆ తర్వాత ఆయన, ఇంటి ఓనర్ల మాట నమ్మకు, ఆ ఆండాళమ్మని మరిచిపోకు అన్నాడు. "తెలుసులే అప్పా" అని నవ్వింది అమ్మాయి. దానికి ఆవిడ మొహం కూడా గుర్తు లేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని మిరియాల రసం పట్టింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ పేరు ఒక హెచ్చరికలా నా కూతురితో పూణె దాకా వెళ్తుంది. నేను ఆ రోజు గిన్నెలు కడగలేదు. అక్కడే కూర్చున్నాను, నోరు మాత్రం రాలేదు.

మా ఆయనకీ, ఆండాళమ్మకీ ఎప్పుడు చెబుతానో, అసలు చెబుతానో లేదో తెలీదు. చెబితే ఆయన ఏమంటాడో ఊహించగలను. ఆవిడ ఏమంటుందో ఊహించలేను, నాకు భయం అదే. ఎవరు ఏమన్నా పడతాను, అది వేరే సంగతి. ఆండాళమ్మ మంచిది, మా ఆయన మంచివాడు. ఈ రెండు మాటలూ కలిపి ఒక్కసారి కూడా అనలేకపోయాను, ఒకరి గురించి నిజం చెబితే రెండోవాళ్ళ గురించీ చెప్పాల్సి వస్తుందని. ఇవాళ మీ దగ్గర అన్నాను. ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది, అంతే.