తమ్ముడి ఆటో, పొద్దుటి జీలుగు కల్లు

తమ్ముడికి ఆ పొద్దున కల్లు పోసింది నేనే. కొండ మీద మా ఇళ్లలో, చెట్టు నుంచి అప్పుడే దించిన జీలుగు కల్లు పొయ్యకుండా చుట్టాన్ని పంపితే పరువు తక్కువ. అది మందు కిందికి వస్తుందని మాకు తోచనేలేదు. వాడు ఆటో వేసుకుని నర్సీపట్నం దిగుతుంటే బలిఘట్టం దగ్గర పోలీసులు గొట్టం ఊదించారు. ఆటో స్టేషన్లో పెట్టేసి కోర్టుకి రమ్మన్నారు.

నేనూ వెళ్లాను. మా ఆయన పోయాక నా పిల్లల తిండి ఆ ఆటో మీదే. కోర్టు వరండాలో కూర్చోలేను, నిలబడలేను, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

"జైలేటండీ లాయరు గారూ?"

"మొదటిసారి కదమ్మా, ఒప్పేసుకుంటే జరిమానాతో పోవచ్చు. లైసెన్సు మాత్రం ఆపుతారు. రెండోసారైతే నేనేటీ సెప్పలేను."

"తాగింది కల్లే గదండీ."

"మిషనుకి నీ కల్లు, వాళ్ల బ్రాందీ ఒకటేనమ్మా."

ఆయన చెప్పినట్టే జరిగింది. జరిమానా కట్టాం. మూడు నెలలు తోలకూడదన్నారు. స్టేషన్‌కి వెళితే, లైసెన్సు ఉన్న మనిషి వస్తేనే ఆటో ఇస్తామన్నారు.

"నువ్వెల్లి ఎవుడ్నైనా బేగి తీసుకురా అక్కా, నాకు సిగ్గేస్తంది," అన్నాడు తమ్ముడు.

ఆటో స్టాండుకి నేనే నడిచాను. ఈ ఒక్క పూటకే కాదు, మూడు నెలలూ తోలే మనిషి కావాలి నాకు.