ఆయ్ అనే పాచికలు

రాజోలులో మా ఇంట్లోంచే హైదరాబాదు ఆఫీసుకు పనిచేస్తాను. ఆదివారాలు ఆఫీసు స్నేహితులతో కంప్యూటర్లో ఒక సాహసాల ఆట ఆడతాం. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. దాని బలం, ప్రాణం తెరమీద ఒక పత్రంలో ఉంటాయి. కత్తి దూస్తే దెబ్బ తగిలిందో లేదో తెరమీది పాచికే చెప్పాలి.

మొదటిసారి "సిద్ధమేనా?" అని అడిగితే, అలవాటుగా మా గోదావరి యాసలో "ఆయ్" అన్నాను, అంటే అవునండి అని. అందరూ పగలబడి నవ్వారు. వాళ్లలో కిరణ్ అయితే ప్రతిసారీ "ఆయ్... మీ వంతేనండీ, ఆయ్" అని సాగదీసేవాడు.

పక్కగదిలోంచి విన్న అమ్మ, "ఆయ్ అనకపోతే గేదెలా ఊఁ అనాలేంటే?" అంది.

నాకు పంతం వచ్చింది. ఆటలో పత్రాలూ, పాచికా తయారుచేసేది నేనే కాబట్టి పాచిక చెప్పే జవాబులన్నీ మార్చేశాను. దెబ్బ తగిలితే "ఆయ్, తగిలిందండి" అని వస్తుంది.

"తీసెయ్" అన్నాడు కిరణ్.

"తియ్యనండి. ఇష్టమైతే ఆడండి" అన్నాను.

ఆ రోజే రాక్షసుడి గుహలో అతని వీరుడు కొనప్రాణంతో మిగిలాడు. ఈ దెబ్బ తగలకపోతే అతని పని అయిపోయినట్టే. పాచిక దొర్లుతోంది. కిరణ్ తెర మీదికి వంగిపోయి, "ఆయ్ అనవే... ఒక్కసారి ఆయ్ అనవే తల్లీ" అని బతిమాలాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తగల్లేదండి. తమరు పోయేరండి" అంది పాచిక.

ఆ జవాబులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఎవరడిగినా మార్చను. గోదావరి వాళ్లు మర్యాదతో చంపేస్తారని అంటుంటారు కదా. ఆయ్, నిజమేనండి.