ఒక్క అభ్యర్థి పోటీ

కోవిడ్ ఆంక్షలు సడలిన తరువాతి వేసవిలో, దోహాలోని ఒక లా కాలేజీలో లా రివ్యూ కార్యాలయ సమన్వయకర్తగా నా చివరి ఏడాది మొదలైంది. మాది నరసాపురం దగ్గర పల్లె. కాపురం దోహాలోనే, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో. లా రివ్యూ అంటే న్యాయ వ్యాసాల పత్రిక. దాన్ని నడిపేది విద్యార్థులే. వ్యాసాలు ఎంచేదీ, దిద్దేదీ వాళ్ళే. నా వంతు గడువులు, తాళాలు, ఉత్తరాలు. ఆ పత్రికలో సభ్యత్వం ఉన్న పిల్లల్నే సెప్టెంబరులో వచ్చే న్యాయవాద సంస్థలు ముందుగా ఇంటర్వ్యూకి పిలుస్తాయి. లేనివాళ్ళకి పిలుపు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

సభ్యుల్ని పోటీ పెట్టి తీసుకుంటారు. ఒక తీర్పు, దానికి సంబంధించిన సామగ్రి కలిపి ఒక కట్టగా ఇస్తారు. బయట ఇంకేదీ చూడకుండా ఆ తీర్పు మీద వ్యాఖ్య రాయాలి. కావాలని తప్పులు పెట్టిన ఫుట్‌నోట్లను సరిచేయాలి. పేపరు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో తెలిసేది నాకొక్కడికే. మొదటి ఏడాది చివర ఈ తంతు ముగిసిపోతుంది కనుక, వేరే లా కాలేజీల నుంచి బదిలీ అయి వచ్చేవాళ్ళకు ఆగస్టులో విడిగా మరో పోటీ పెడతారు.

ఆ ఆగస్టులో బదిలీ మీద వచ్చింది ఒక్కతే. పేరు స్రవంతి, జగిత్యాల అమ్మాయి. హైదరాబాదులో లా చదువుతూ, దోహా పక్కనున్న అల్ వుకైర్‌లో ఉంటున్న తల్లిదండ్రుల దగ్గరికి వచ్చేసింది.

"మా అమ్మమ్మ ఇంకా నేను దుబాయ్ పోయిన్ననే చెప్తది అంకుల్" అని నవ్వుతూ కట్ట తీసుకుంది. అంతలోనే గొంతు తగ్గించి, "నేనొక్కదాన్నే రాస్తున్ననట గదా, మరి నంబర్ ఎందుకు?" అని అడిగింది.

అడిగింది నిజమే. బల్ల మీద ఉండేదే ఒక్క పేపరైతే నంబరు ఎవరి కళ్ళు కప్పుతుంది? పైగా ప్రధాన సంపాదకుడు కరీమ్, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు మన స్థాయి అందుకుంటారా అని నా ముందే నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. పత్రిక సలహాదారు ప్రొఫెసర్ హుదాకి ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు చేరవేశాను.

ఆవిడ ఒక ఆదేశమిచ్చారు. ఇప్పుడున్న సంపాదకుల్లో ముగ్గురు అదే కట్ట తీసుకుని, అదే గడువులో రాయాలి. నాలుగు పేపర్లనూ మిగతా సభ్యులు దిద్దాలి; రాసిందెవరో వాళ్ళకు చెప్పకూడదు. పత్రిక పెద్దగా తనే ముందు రాస్తానన్నాడు కరీమ్. ఫుట్‌నోట్ల సంపాదకుడు వెంటనే సరేనన్నాడు. మూడో సంపాదకురాలు మొహమాటానికి ఒప్పుకుంది.

నియమం ప్రకారం, పేర్లు బయటపెట్టక ముందే అర్హత గీత గీయాలి. దిద్దినవాళ్ళు నాలుగింటినీ మార్కుల వరుసలో పెట్టి రెండో పేపరు కింద గీశారు. పై రెండూ చేర్చుకోదగ్గవి, కింది రెండూ కావు అని సంతకాలు చేశారు. అప్పుడు అందరి ముందూ నేను పేర్లు చదివాను. మొదటిది మొహమాటపడ్డ అమ్మాయిది. రెండోది స్రవంతిది. మూడోది కరీమ్‌ది. ఫుట్‌నోట్లలో అందరికన్నా ఎక్కువ తప్పులు వదిలేసిన ఆఖరి పేపరు ఫుట్‌నోట్ల సంపాదకుడిది.

తప్పు చదివానేమోనని మళ్ళీ సరిచూసుకున్నాను. దిద్దినవాళ్ళలో ఒకడు తను పెట్టిన సంతకం వైపే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

ముందుగా తేరుకున్నది కరీమే. దిద్దడంలోనే ఏదో లోపముంది, పోటీ రద్దు చేద్దామన్నాడు. గీత కిందికి జరుపుదామని ఇంకొకరు అన్నారు గానీ, ఎవరి కోసం జరిపారో అందరికీ తెలిసిపోతుంది. దాంతో ఒక్కొక్కరే రద్దు వైపు తలూపారు. వీళ్ళ పరువు నిలబడుతుంది, స్రవంతి మాత్రం పత్రికకు దూరమైపోతుంది. సభ్యుల జాబితా ఆ గురువారంతో ముగుస్తుంది. మళ్ళీ పోటీ ఉండదు. ఆ పిల్ల వరండాలోనే కూర్చుని ఉంది. న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఇంత సులువుగా ఇంత మాటకు వస్తారని నేను కలలో కూడా అనుకోలేదు.

ప్రొఫెసర్ హుదా గొంతు పెంచలేదు. "రద్దు చేయవచ్చు కరీమ్. కారణం నువ్వే రాసి సంతకం పెట్టు. నువ్వు సభ్యుడివైందీ ఇదే పద్ధతిలోనేనని అందులో చేర్చు" అన్నారు.

కరీమ్ కలం తీశాడు. చాలాసేపు తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. చివరికి దాన్ని పక్కకు నెట్టి, స్రవంతిని చేర్చుకుంటున్నట్టున్న ఉత్తరం మీద సంతకం చేశాడు.

ఆ ఉత్తరం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె ఆత్రంగా చదివింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ చదివి నోరు తెరిచింది.

"అంకుల్, రాసింది నేనొక్కదాన్నే గదా! సెకండ్ ర్యాంక్ అని ఉన్నదేంది? ఫస్ట్ ఎవరు?"

"అది చెప్పకూడదమ్మా. ముందు మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి" అన్నాను.

నేను ఉద్యోగం విరమించే ముందు టైపు చేసిన చివరి తీర్మానం, ఇకపై ప్రస్తుత సభ్యులెవరూ పోటీ పేపరు రాయరాదన్నది. ఏకగ్రీవం కాలేదు. ఒక్క చెయ్యి మాత్రం లేవలేదు, అది స్రవంతిది. ఆ ఫస్టు ఎవరో, మిగతా ఇద్దరెవరో అప్పటికి ఆమెకు అర్థమైపోయింది. నేను నేర్చుకున్నదొకటే. పరీక్ష నెగ్గి కుర్చీలో కూర్చున్నవాళ్ళు అదే పరీక్ష మళ్ళీ రాయడానికి ఒక్కసారే ఒప్పుకుంటారు, అదీ నెగ్గుతామన్న ధీమా ఉన్నప్పుడే.