మస్తాన్ సాయిబు గారి చిన్న ఇంజను

మా కోట ఊరి రైసు మిల్లు ఫిట్టరు మస్తాన్ సాయిబు గారు పోయి నేటికి నలభై రెండు రోజులు. ఆయన పడిపోయినప్పుడు నేను నాలుగు బారల దూరంలో ఉన్నాను. అయినా నమ్మకం కుదరడం లేదు. మిల్లు ఆగిపోయింది. పొద్దున్నే బాయిలరు దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడి వస్తున్నాను. నేను ఐదో తరగతి దాకా చదివిన బాయిలరు మనిషిని. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఆ రోజు పక్కన ఉన్నది నువ్వే కాబట్టి సంస్మరణ పుస్తకానికి నువ్వే రాయాలని తోటి పనివాళ్లు పట్టుబట్టారు.

సాయిబు గారు మాట తక్కువ మనిషి. ఇంజను దగ్గరికి రాగానే పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, కొసను ఇనుముకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేవారు. "మనిషైతే నొప్పి దాచుకుంటాడు పెంచలా. ఇనుముకి ఆ సిగ్గు లేదు" అనేవారు.

ఆరేళ్ల కిందట గూడూరులో మూతపడిన అభ్రకం గోదాములో పాత సామాన్లు అమ్మితే, ఆయన ఒక చెక్కపెట్టె తెచ్చుకున్నారు. అందులో గరుకు గరుకు పోత ఇనుము ముక్కలు. జానెడు పీఠం, పిడికిలంత సిలిండరు, పళ్లెమంత చక్రం. చెక్కి బిగించుకుంటే చిన్న ఆవిరి ఇంజను అవుతుంది. కానీ ఎక్కడ ఎంత చెక్కాలో, ఎక్కడ బెజ్జం వేయాలో చెప్పే కాగితాలను చెదలు తినేశాయి.

"ప్లాను లేకండా ఎట్ట చేస్తావన్నా?" అన్నాను.

"ప్లాను లేకపోవడమేంది? అదుగో, తిరగతా ఉండాది గదా" అని మిల్లులోని పెద్ద ఇంజనును చూపించారు.

అప్పటి నుంచి ఇంజను ఆపిన ప్రతిసారీ పుల్లలతో, దారంతో దాని కొలతలు తీసుకునేవారు. పెద్దదానిలో అడుగు, చిన్నదానిలో అంగుళం. ప్రతి ముక్కా ఒక్కటే. చెడితే ఇంకోటి రాదు. ఒక బెజ్జం వేయడానికి పది రోజులు ఆలోచించేవారు. ఇరుసు బయటి కొసను మోసే బేరింగు దగ్గర ఆయనకు అనుమానం వచ్చింది. మిల్లులో అది లోపలి బేరింగు కంటే వేలి మందం కిందికి ఉంది. "చేసినోళ్లు ఎర్రోళ్లు కాదు, ఏందో కారణం ఉంటాది" అని, చిన్నదానిలో కూడా దాన్ని గోరంత మందం దించారు. ఆయన చేయగా నేను చూసిన తప్పు అదొక్కటే.

పోయిన వేసవిలో చిన్న ఇంజను తిరిగింది. వీధంతా వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. సాయిబు గారు మాత్రం స్క్రూడ్రైవరు ఆనించి వింటున్నారు. చుట్టుకి ఒకసారి, టక్. మూడు నెలలు విప్పారు, బిగించారు. ఆ చప్పుడు పోలేదు. ఒకరోజు ఇరుసు బయటికి తీసి, భూతద్దం నా చేతికిచ్చారు. మెడ దగ్గర వెంట్రుకంత పగులు.

"ఈ టక్ నేను ముందే విన్నా పెంచలా. యాడనో తెలుసా? మన మిల్లులో."

ఆ సాయంత్రమే నీళ్లగొట్టం పెట్టి మట్టం చూశారు. బయటి బేరింగు కింది దిమ్మె ఇసుక నేలలోకి దిగిపోయి ఉంది. చేసినవాళ్లు అలా చేయలేదు. ఏళ్ల తరబడి నేల దాన్ని మింగుతూ వచ్చింది. ఆ జబ్బును ఆయన కొలిచి మరీ చిన్నదానిలో పెట్టుకున్నారు.

ఇరుసును గుడ్డలో చుట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

"ఇంజను ఆపి ఇరుసు విప్పాల సామీ. ఇట్టాంటి పగులే దాంట్లోనూ ఉండాది."

"ఏంది సాయిబూ, నీ బొమ్మకి జలుబు చేస్తే నా ఏనుగుకి మందు పొయ్యాల్నా? కోతలు అయిపోనీ, చూస్తాం" అన్నారు యజమాని. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

సాయిబు గారు చిన్నదానికి కొత్త ఇరుసు చేశారు. బేరింగు మాత్రం సరిచేయలేదు. ఎప్పటికైనా యజమానిని కూర్చోబెట్టి ఆ చప్పుడు వినిపించాలని అలాగే ఉంచారు.

తర్వాత నాకూ మిల్లులో టక్ వినిపించడం మొదలైంది. బాయిలరులోకి ఊక తోస్తున్నా, అన్నం తింటున్నా అదే. కోతల వడ్ల బండ్ల వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. చప్పుడు రోజురోజుకీ గట్టిపడింది. ఒక ఉదయం సాయిబు గారు స్క్రూడ్రైవరు చెవి నుంచి తీసి కేక వేశారు.

"పెంచలా, ఆవిరి కట్టెయ్!"

వాల్వు నా చేతి కిందే ఉంది.

"అయ్యను ఒక మాట అడిగొస్తానన్నా" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఇంజను మీదున్న ఇంకో వాల్వు కోసం, పెద్ద చక్రం పక్కగా ఆయనే నడిచారు. ఇరుసు విరిగింది. చక్రం ఆయన మీదికి ఒరిగింది. పగులు ఆయన చెప్పిన చోటే ఉంది.

నలభయ్యో రోజు ఫాతెహా చదివించడం అయ్యాక, ఆయన భార్య బీబమ్మ వదిన చిన్న ఇంజను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒకసారి తిప్పు పెంచలయ్యా. ఆయన ఇంట్లో ఉన్నట్టు ఉంటాది."

నీళ్లు పోసి మంట పెట్టాను. తిరిగింది. టక్. టక్. నా చెయ్యి దానంతట అదే వాల్వు మీదికి పోయింది. కట్టేశాను.

"అప్పుడే ఎందుకు ఆపేసినావు?" అంది వదిన.

ఆయన ఆవిరి కట్టమన్న సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అలాంటి చెవి ఉన్న మనిషి మా కోటకు మళ్లీ రాడు. ఆయనకు చేతులెత్తి మొక్కుతున్నాను. వదినకు చదువు రాదు. ఈ పుస్తకం చేతికి వచ్చినవాళ్లు ఎవరైనా దీన్ని ఆమెకు చదివి వినిపించండి.