యాషవ్ అంటే కూర్చోవడం

మేముండే బాతెల్ ఊళ్ళో మా పక్కింటి పెద్దాయన గుండెపోటుతో పోయారు. వాళ్ళు యూదులు. భార్యాభర్తలిద్దరూ పిల్లలకు హీబ్రూ నేర్పి రిటైరయ్యారు. మేము ఆ వీధికి వచ్చిన మొదటి చలికాలం, మంచులో దిగబడిన మా కారును తోసింది వాళ్ళిద్దరే.

అంత్యక్రియలయ్యాక వారం రోజులు కుటుంబం ఇంట్లోనే కూర్చుంటుందనీ, తెలిసినవాళ్ళు వచ్చి చూస్తారనీ మావారు ఫోన్‌లో చదివి చెప్పారు.

"ఫ్లవర్స్ వద్దంట. ఫ్రూట్స్ ఓకే అంట. కానీ వెళ్ళి ఏం మాట్లాడతాం?"

"ఏమో. ముందు వెళ్దాం పదండి."

తలుపు గడియ వేసి లేదు. ముందుగదిలో అద్దం మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. ఆవిడ పొట్టి కుర్చీలో, పక్కనే కూతురు. ఎవరూ పలకరించలేదు. కూడగట్టుకుని వచ్చిన ఇంగ్లీషు మాటలు నేను మొదలుపెట్టబోతుంటే, ఆవిడ పక్క కుర్చీ తట్టి "ష్వీ" అన్నారు. అర్థం తెలియకపోయినా కూర్చున్నాను.

మా నాన్న పోయినప్పుడు వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగిందని అడిగేవాళ్ళు. అమ్మ మొదటినుంచీ చెప్పేది. ఇక్కడ మాత్రం ఆవిడ నోరు విప్పేదాకా మిగతావాళ్ళు ఊరుకోవాలట. ఆ ఊరుకోవడం నాకు హాయిగా అనిపించింది.

చివరికి ఆవిడే నావైపు తిరిగారు. "నీతో హీబ్రూలో మాట్లాడాను కదూ? ఆయనతో అలవాటు."

"ష్వీ అంటే ఏమిటండీ?"

"కూర్చో అని. ఆడవాళ్ళకు ష్వీ, మగవాళ్ళకు షేవ్." మావారు ఇంకా నిలబడే ఉన్నారు. "నువ్వూ షేవ్, నాయనా."

ఆయన గబుక్కున కూర్చున్నారు. కూతురు నవ్వింది.

"అసలు క్రియ యాషవ్," అన్నారావిడ. గొంతులో టీచరు తిరిగి వచ్చింది. "పాత గ్రంథాల్లో కూర్చున్నాడన్నా అదే మాట, ఒక ఊళ్ళో కాపురమున్నాడన్నా అదే. అన్నేళ్ళూ కూర్చునే ఉన్నాడా అని పిల్లలు అడిగేవాళ్ళు. అవును, లేచి వెళ్ళలేదు, అందుకే అది అతని ఊరైంది అనేవారు మా ఆయన. ఇప్పుడు నివాసిని తోషావ్ అంటాం. అదీ ఇందులోంచే పుట్టింది."

గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళుగా క్యూలో ఉన్న మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనలేదు. వాళ్ళలో అనకూడదట. చావింట్లో మా వైపూ అనరు.

ఆ వారమంతా ఆఫీస్ నుంచి రాగానే వెళ్ళి కాసేపు కూర్చునేదాన్ని. ఆఖరి రోజు పొద్దున దుఃఖంలో ఉన్నవాళ్ళు లేచి వీధి చుట్టి రావాలట. నేనూ తోడు వెళ్ళాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, మా ఊరు అల్ఫారెట్టా వచ్చేయ్. మాతో ఉందువుగాని," అంది.

"సెలవులకు వస్తాను," అన్నారావిడ.

ఇల్లు అమ్మలేదు. ఈ మధ్య ఆదివారాలు మా ఇంటికి టీకి వస్తున్నారు. అల్లం ఎక్కువ వేయమంటారు.